వెనక గుమ్మం మూసేశాక వచ్చిన లైసెన్సు

మా సెలూన్‌కి ట్రేడ్ లైసెన్సు పదకొండు రోజుల్లో వచ్చింది. దాని పక్క షట్టర్‌లో నేను పెట్టాలనుకున్న టిఫిన్ హోటల్‌కి ఐదు నెలలు పట్టింది. ఇల్లు ఒకటే, ఓనరు ఒక్కరే, రెండు అగ్రిమెంట్లకీ స్టాంపు పేపర్లు కూడా ఒకే రోజు కొన్నాం. ఆ ఐదు నెలల్లో నాకు తెలిసొచ్చినవి మాలాంటి చిన్న షాపులవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఒడిశాలో చిన్న టౌను మాది, పొద్దున లేస్తే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

ఒడిశాలో కొరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో ఏ టౌన్‌లో బస్సు దిగినా తెలుగు వినబడుతుంది. 1936లో ఒడిశా వేరుపడే దాకా ఈ వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మా మావయ్యగారి నాన్న పార్వతీపురం దగ్గర పల్లె నుంచి క్షవరం సామాన్ల పొది పట్టుకుని ఇక్కడికి వచ్చారట. మేము నాయీబ్రాహ్మణులం. మావయ్య నలభై ఏళ్ళు అదే వీధిలో క్షవరం చేశారు. ఇప్పుడు సెలూన్ మా ఆయన, మా మరిది చూసుకుంటున్నారు. నేను కోర్టు ఎదురుగా బండి మీద ఇడ్లీ, వడ అమ్మేదాన్ని. ఇక్కడివాళ్ళు ఇడ్లీ మీద కూడా ఘుగునీ, అంటే ఎండు బఠాణీల కూర, పోయించుకుంటారు. అది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది, కానీ బండి నిలబడింది దానివల్లే. లాక్‌డౌన్‌లో బండి మూలపడితే వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి లోను పదివేలు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను, వాయిదాలన్నీ కట్టేశాను. సెలూన్ పక్క షట్టర్ ఖాళీ అయినప్పుడు, ఇక ఎండకీ వానకీ రోడ్డు మీద నిలబడలేను, లోపలికి వెళ్దాం అనుకున్నాను. అద్దె మూడున్నర వేలు, అడ్వాన్సు ఇరవై వేలు.

బండికీ షాపుకీ కాగితాల్లో చాలా తేడా ఉంది. ఆ సంగతి నాకు తెలీదు. బండివాళ్ళకి వెండింగ్ సర్టిఫికెట్ ఉంటుంది, అది 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం కింద ఇస్తారు. షట్టర్ లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగిస్తే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కావాలి. తిండి అమ్ముతాం కాబట్టి కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇచ్చే రిజిస్ట్రేషన్ వేరే. రెండూ ఒకటే అనుకుని ఒకటి తీసుకుని ఊరుకునేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు.

ఎఫ్ఎస్ఎస్ఏఐ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది త్వరగానే అయిపోయింది. అప్పటి లెక్క ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉంటే రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి వంద రూపాయలు. ఐదేళ్ళకి ఒకేసారి తీసుకునే వీలుండేది, నేను అలాగే ఐదొందలు కట్టాను. ఒక ఇంటర్నెట్ షాపతను మొదట పదిహేను వందలు అడిగాడు. ఫీజు వంద అని నాకు తెలిసి అడిగితే, "సర్వీసు చార్జీ అపా (అక్కా)" అన్నాడు. ఇంకో చోట నూట యాభై ఇచ్చి చేయించుకున్నాను. ఫోటో, ఆధార్, అద్దె కాగితం అడిగారు. వండేవాళ్ళకి ఏడాదికోసారి డాక్టరు సర్టిఫికెట్, టైఫాయిడ్ టీకా ఉండాలన్నారు. నేనూ, నాకు సాయం చేసే అమ్మాయీ గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళి చేయించుకున్నాం. పద్నాలుగు అంకెల నంబరు వచ్చింది. ఆ నంబరు షాపులో అందరికీ కనబడేలా పెట్టాలి. ఆ రిజిస్ట్రేషన్ రూల్స్‌లో ఒక మాట ఉంది, నాకు తర్వాత చాలా పనికొచ్చింది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలని అందులో ఉంది.

ఇక ట్రేడ్ లైసెన్సు. 2022 మార్చిలో ఒడిశాలో మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. 2013 తర్వాత మళ్ళీ అప్పుడే. ఇన్నేళ్ళకి వార్డుకి కౌన్సిలర్ వచ్చింది, అదీ మహిళ, మాకు సంతోషమే అయింది. కొత్త కౌన్సిల్ రాగానే లైసెన్సు లేని షాపులవాళ్ళంతా లైసెన్సు తీసుకోవాలని ఆటోలో మైకు పెట్టి చెప్పించారు. సెలూన్‌కి కూడా అప్పటిదాకా మావయ్య దాచుకున్న చేతిరాత రసీదులు తప్ప ఏమీ లేవు. ఏప్రిల్ రెండో వారంలో రెండింటికీ ఒకేరోజు ఒడిశా మున్సిపాలిటీల సుజోగ్ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాం. ఫోన్లకి రెండు అప్లికేషన్ నంబర్లు మెసేజీ వచ్చాయి.

మొదటి అడ్డంకి మా ఓనర్ దగ్గర వచ్చింది. ఇక్కడ ప్రతి ఇంటికీ హోల్డింగ్ నంబరు ఉంటుంది, ఇంటిపన్ను ఆ నంబరు మీదే కడతారు. మా ఇంటి హోల్డింగ్ ఇంకా ఓనర్ తాతగారి పేరుమీదే ఉంది, పన్ను రెండేళ్ళు బాకీ. సెక్షన్‌లో కూర్చున్న బాబు (గుమాస్తాని ఇక్కడ అలాగే అంటారు), పన్ను రసీదు లేకుండా ఫైలు కదలదు అన్నాడు. ఓనర్ మంచివాడే, కానీ నాలుగుసార్లు వెళ్ళాక గానీ కట్టలేదు. షాపు అద్దెకి తీసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే హోల్డింగ్ నంబరు, చివరి పన్ను రసీదు చూడండి. అడ్వాన్సు ఇచ్చేశాక ఓనర్ ఇంటిముందు మీరు నిలబడాలి.

రసీదు పెట్టాక సెలూన్ ఫైలు నడిచిపోయింది. ఒకాయన వచ్చి చూసి, వాడిన బ్లేడ్లు చెత్తలో కలపకుండా మూత ఉన్న డబ్బాలో వెయ్యమని, జుట్టు డ్రైనేజీలో ఊడ్చొద్దని చెప్పి వెళ్ళాడు. వారంలో డబ్బు కట్టమని మెసేజీ వచ్చింది, కట్టాం, అయిపోయింది. నా అప్లికేషన్ మాత్రం ఫోన్‌లో ఎప్పుడు చూసినా ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్ దగ్గరే ఆగి ఉంది. మే నెల గడిచింది. ఖాళీ షట్టర్‌కి అద్దె కడుతున్నాను, బండి మీద అమ్ముతున్నాను. గ్రైండరు కోసం ముద్రా లోను అడిగితే బ్యాంకువాళ్ళు ముందు ట్రేడ్ లైసెన్సు తెమ్మన్నారు. రాత్రి నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్.

ఆఫీసుకి వెళ్తే రోజూ ఒకే మాట, "కాలి ఆసంతు". రేపు రండి అని. మరుసటిరోజు వెళ్తే ఆ బాబు ఉండడు, ఉంటే ఫైలు పైన ఉందంటాడు. ఒకరోజు నా ఏడుపు మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, మెల్లగా చెప్పాడు. "అపా, మీ హోటల్ వద్దని పిటిషన్ వచ్చింది. పదకొండు సంతకాలు. కౌన్సిల్ మీటింగ్‌లో పెడతారు." కాపీ ఇమ్మంటే కుదరదన్నాడు. ఎందుకు వద్దన్నారని అడిగితే పొగ, మురుగు అన్నాడు. నేను వెనక్కి తిరిగాక ఇంకో మాట అన్నాడు. "సెలూన్‌వాళ్ళ ఇంట్లో వంట అని కూడా రాశారు."

ఆ మాట విన్నాక నేను మెట్లు దిగి సైకిల్ స్టాండ్ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. బండి మీద అమ్మినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. కోర్టుకొచ్చే లాయర్లు, బంట్రోతులు, పల్లెల నుంచి వచ్చిన సవర ఆడవాళ్ళు, అందరూ తిన్నారు. సెలూన్ పక్కన షట్టర్ తీసేసరికి నేనెవరో అందరికీ గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి మావయ్యకి చెప్పకూడదనుకున్నాను, కానీ చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అన్నారు. "ఈ వీధిలో నా చెయ్యి పడని తల లేదమ్మా. పక్కింటి మాస్టారి తండ్రి పోతే పదోనాడు గుండు చేసింది నేనే."

పిటిషన్‌లో మొదటి సంతకం ఆ మాస్టారిదే.

కౌన్సిలర్ ఇంటికి వెళ్ళాను. ఫోన్ చేస్తే వాళ్ళాయన ఎత్తుతాడు, అందుకని నేరుగా పొద్దున్నే ఇంటికే వెళ్ళి, ఆవిడతోనే మాట్లాడాలని చెప్పి కూర్చున్నాను. ఆవిడ బాగానే విన్నది. ఆ వైపు డ్రైన్ వానాకాలంలో పొంగుతుందని, అక్కడ ఇంకో హోటల్ వస్తే నీళ్ళు రోడ్డుమీదకొస్తాయని ఇద్దరు కౌన్సిలర్లు అడ్డం చెబుతున్నారని చెప్పింది. సెలూన్‌వాళ్ళ వంట అన్న మాట గురించి అడిగితే తల దించుకుంది. "అది రాయించింది ఒడియావాళ్ళు కాదు మావుసీ (పిన్నీ). మీ తెలుగువాళ్ళే" అంది. మా వీధి మొదట్లో ఇంకో హోటల్ ఉంది. ఎవరో నాకు అర్థమైంది. నేను వాళ్ళతో ఇప్పటికీ ఆ విషయం మాట్లాడలేదు.

జూన్ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళి వరండాలో నిలబడ్డాను. లోపల మాట్లాడే హక్కు మనకి ఉండదు. తలుపు తీసి మూసినప్పుడల్లా మాటలు వినబడేవి: వీధిలైట్లు, పందులు, పైపులైను. నా విషయం రాలేదు, వాయిదా పడింది. జూలైలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి వచ్చింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చిన ఒకాయన "హోటల్ వద్దన్నారు" అని చెప్పేశాడు. ఇంకొకాయన "హెబొ, హెబొ (అవుతుంది), జాయింట్ ఇన్‌స్పెక్షన్ వేశారు, అయిపోతుంది" అన్నాడు. ఒకే గదిలోంచి వచ్చిన ఇద్దరు నాకు రెండు నిర్ణయాలు చెప్పారు. అప్పుడే తెలిసింది, ఈ మూడు నెలలూ నేను నోటిమాటల వెనక తిరుగుతున్నానని. నా లైసెన్సు వద్దని ఆఫీసువాళ్ళు ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయని దానికి నేను జవాబెలా చెప్తాను? అప్పీలు ఎలా చేస్తాను?

మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ, రాయడం వచ్చినా ఆఫీసులో పెట్టేటంత రాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్స్‌లోని ఆ మాట గుర్తొచ్చి, ఆ రాత్రి దాన్ని కూర్చోబెట్టి కాగితం రాయించాను. నా అప్లికేషన్ నంబరు ఫలానా, ఫలానా తేదీన పెట్టాను, ఇప్పటిదాకా లైసెన్సు ఇవ్వలేదు, ఇవ్వకూడదనుకుంటే కారణాలు దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు, సరిచేసుకోగలిగినవి సరిచేసుకుంటాను. అంతే. కోపం మాట ఒక్కటి కూడా పెట్టొద్దన్నాను. అది మాత్రం "అమ్మా, వాళ్ళు రాసిన ఆ మాట గురించి రాయవా?" అని అడిగింది. ఇప్పుడు కాదన్నాను. రెండు కాపీలు తీసి, పొద్దున వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే డైరీ సెక్షన్‌లో ఇచ్చి, నా కాపీ మీద స్టాంపు, డైరీ నంబరు, తేదీ వేయించుకున్నాను. ఇలాంటి కాగితం ఇచ్చినప్పుడు స్టాంపు వేయించుకోకుండా బయటికి రాకండి. "నేను పైకి పంపిస్తాలే, వెళ్ళండి" అంటారు. ఐదు నిమిషాలు ఆగైనా వేయించుకోండి. తర్వాత ఏ టేబుల్ దగ్గరికి వెళ్ళినా నా చేతిలో ఉన్నది ఆ నంబరు ఒక్కటే.

దాంతోపాటే సమాచార హక్కు కింద ఇంకో దరఖాస్తు పెట్టాను. ఒడిశాలో దానికి ఫారం-ఎ అని ఉంది, అందులోనే రాయాలి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ఆధార్ జిరాక్సు పెట్టాను. నాకు కావలసినవి మూడే అడిగాను: నా ఫైల్లో ఉన్న పిటిషన్ కాపీ, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉంటే అది, జూలై మీటింగ్‌లో నా షాపు గురించి రాసిన తీర్మానం. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. ఇరవై ఏడో రోజు వచ్చింది. తీర్మానంలో ఉన్నది ఒక్క వాక్యం: శానిటరీ, ఇంజనీరింగ్ సెక్షన్లు కలిసి స్థలం చూసి రిపోర్టు ఇవ్వాలి, ఆ తర్వాత ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ నియమాల ప్రకారం నిర్ణయం తీసుకోవాలి. వద్దు అని ఎక్కడా లేదు. ఒకాయన నాతో చెప్పిన "వద్దన్నారు" అనేది ఆయన సొంత అభిప్రాయమే.

ఆ రిపోర్టు కోసం అధికారులు రావడం ఆగస్టు మూడో వారంలో జరిగింది. ఆ గంట నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్, జూనియర్ ఇంజనీర్, వెనక కౌన్సిలర్, ఇంకా వెనక వీధివాళ్ళు పది పన్నెండు మంది. మాస్టారు తన గేటు దగ్గరే నిలబడ్డారు. ఇన్‌స్పెక్టర్ పెద్దమనిషి, చేతిలో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం. ముందు సింకు కింద చూశారు. నేను తెలివితక్కువగా గిన్నెలు కడిగే నీళ్ళ పైపు నేరుగా వీధి డ్రైన్‌లో పెట్టించాను. "నూనె నీళ్ళు దీంట్లో పోతే నెలలో గడ్డకట్టిపోతుంది" అన్నారు. రాసుకున్నారు. పొయ్యి దగ్గరికొచ్చి సిలిండర్ చూశారు. ట్రయల్ కోసం ఇంటి ఎర్ర సిలిండర్ తెచ్చి పెట్టాను, షాపులో అది వాడకూడదు, 19 కిలోల నీలం సిలిండర్ ఉండాలి. అదీ రాసుకున్నారు. కట్టెల పొయ్యి చూసి, బఠాణీలు దీనిమీదే ఉడకపెడతారా అని అడిగారు. అవునన్నాను. పొగ ఎటు పోతుంది అని పైకి చూశారు. పైన, రెండు గజాల దూరంలో, మాస్టారి కిటికీ. ఆయనకి ఆస్తమా అని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత వెనక గుమ్మం. సెలూన్‌కీ నా వంటగదికీ మధ్య వెనకవైపు ఒక తలుపు ఉంది. అత్తమ్మ ఆ దారినే సెలూన్‌కి టీ పట్టుకెళ్ళేది. ఇన్‌స్పెక్టర్ తలుపు తీసి, సెలూన్ ఫ్యాను తిరుగుతుంటే కాసేపు అలాగే నిలబడ్డారు. వంగి నా గచ్చుమీద నుంచి వేలితో ఏదో తీసి చూపించారు. రెండు మూడు చిన్న వెంట్రుకలు, అప్పుడే కత్తిరించినవి. నాకు తల కొట్టేసినట్టయింది. అది నిజం. నేను రోజూ ఊడుస్తున్నాను, కానీ గాలికి వస్తున్నాయి. ఆయన తప్పు పట్టడంలో తప్పేమీ లేదు.

ఆయన రాస్తుండగా నేను దగ్గరికి వెళ్ళాను. గొంతు వణికింది. "సార్, మీరు చూపించినవన్నీ నేను ఒప్పుకుంటున్నాను, అన్నీ సరిచేస్తాను. పిటిషన్‌లో ఇంకో కారణం కూడా ఉందట. సెలూన్‌వాళ్ళ ఇంటి వంట అని. అది కూడా కారణమే అయితే దయచేసి రాయండి. రాస్తే నేను దానికి కూడా జవాబు ఇస్తాను" అన్నాను. ఒడియాలోనే అన్నాను, గట్టిగానే అన్నాను, అందరికీ వినబడాలనే. ఆయన పెన్ను ఆగింది. కాగితం వైపు చూశారు, తర్వాత నా వైపు, తర్వాత గుంపు వైపు. ఎవరూ మాట్లాడలేదు. "అలాంటివి రాయడానికి ఈ ఫారంలో చోటు లేదమ్మా" అని, కింద గీత గీసి సంతకం పెట్టారు.

ఆ గీత గీసిన చప్పుడు నాకు వినిపించింది. నాలుగు నెలలుగా నా లైసెన్సుకి అడ్డం పడ్డ మాట ఆఫీసు కాగితం మీదకి రాలేకపోయింది. నోటితో అనేవాళ్ళు, పిటిషన్‌లో ఇరికించేవాళ్ళు ఉన్నారు గానీ, లైసెన్సు ఆపడానికి అదే కారణమని ఆఫీసులో రాసి సంతకం పెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే రాసివ్వమని అడగాలని నేను ఇప్పుడు ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. రాసిచ్చిన దాంట్లో నిజమైన తప్పులు మిగులుతాయి. వాటిని మనం దిద్దుకోగలం. రాయలేనిది దానంతట అదే పక్కకి తప్పుకుంటుంది.

వారానికి చేతికి ఆర్డర్ వచ్చింది. నాలుగు షరతులు, ముప్పై రోజుల గడువు. జిడ్డునీళ్ళకి తొట్టి కట్టాలి. కమర్షియల్ సిలిండర్ పెట్టి, కట్టెల పొయ్యి తీసేయాలి. పొగగొట్టం పక్కింటి కిటికీ కంటే ఎత్తుకి తీసుకెళ్ళాలి. సెలూన్‌కీ వంటగదికీ మధ్య ఉన్న గుమ్మం ఇటుకలతో మూసేయాలి.

తొట్టి సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దాని పేరు వినగానే చాలామంది భయపడతారు, కంపెనీ వస్తువేదో వేలు పెట్టి కొనాలనుకుంటారు. మాకు మేస్త్రి పద్దెనిమిది వందల్లో కట్టేశాడు. సింకు కింద అడుగున్నర లోతు సిమెంటు తొట్టి, మధ్యలో రెండు అడ్డుపలకలు. ముందు గదిలో జాలీ, మెతుకులు అక్కడ ఆగుతాయి. రెండో గదిలో నీళ్ళు నిలబడితే నూనె పైకి తేలుతుంది. బయటికి పోయే పైపు మూతి కిందికి వంచి, నీళ్ళ అడుగు నుంచి తీసుకునేలా పెట్టాడు, అందుకని పైన తేలిన జిడ్డు లోపలే ఉండిపోతుంది. మూడు రోజులకోసారి పాత గరిటెతో తీసేస్తే చాలు. మొదటిసారి తీసినప్పుడు తెల్లగా, వెన్నలా, అర బకెట్ వచ్చింది. ఇదంతా వీధి డ్రైన్‌లోకి పోయేదా అనిపించింది. కౌన్సిల్‌లో అడ్డం చెప్పిన ఇద్దరి మాటలో న్యాయం ఉందని నాకు ఆ బకెట్ చూశాక అర్థమైంది.

పొగగొట్టానికి నాలుగు వేలు దాటింది. నీలం సిలిండర్ అప్పట్లో ఒక్కటే రెండు వేలకి పైన. బంగారం ఏమీ అమ్మలేదు గానీ, మా అమ్మ ఇచ్చిన చెవిదుద్దులు పెట్టి అప్పు తెచ్చాను. పొగగొట్టం బిగించే రోజు మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఎత్తు చాలుతుందో లేదో ఆయన కిటికీ లోంచి చూసి చెప్పమని అడిగాను. కాసేపు తటపటాయించి లోపలికి రమ్మన్నారు. కిటికీ దగ్గర నిలబడి, ఇంకో అడుగు పెంచితే మంచిదన్నారు. పెంచాం. వెళ్ళబోతుంటే, "బొహూ (కోడలా), నేను పొగ గురించే సంతకం పెట్టాను. మిగతాది చదవలేదు" అన్నారు. చదవకుండా సంతకం పెట్టిన మనిషి జీవితమంతా పిల్లలకి చదువు చెప్పినవాడు. నాకు బాధేసింది, కానీ ఆయన కళ్ళు చూస్తే అబద్ధమనిపించలేదు. ఊపిరాడని మనిషికి పొగ ఒక్కటే కనబడి ఉంటుంది.

గుమ్మం మూసిన రోజు ఆదివారం. మంగళవారం సెలవు మాకు, కానీ మేస్త్రికి ఆదివారమే కుదిరింది. సెలూన్ నిండా జనం, ఇటు ఇటుకలు పేరుస్తున్నారు. వరస పైకి వస్తున్నకొద్దీ అవతల మా ఆయన కుర్చీ, అద్దం, పటిక ముక్క పెట్టిన సాసరు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. మావయ్య అక్కడే బెంచీ మీద కూర్చుని చూశారు. ఆయన కట్టించిన గుమ్మం కాదు, అద్దె ఇంటిదే. అయినా ఆయన ఎన్నో ఏళ్ళు మధ్యాహ్నం అన్నానికి ఆ దారినే లోపలికి వచ్చేవారు, అప్పుడు మేము ఆ వెనక గదిలోనే కాపురం ఉండేవాళ్ళం. ఆఖరి వరస పెట్టాక లేచి, తడి సిమెంటు మీద అరచెయ్యి ఆనించి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

పంతొమ్మిది రోజుల్లో అన్నీ పూర్తిచేసి, ఫోటోలు తీయించి, మళ్ళీ డైరీ నంబరు వేయించుకుని ఇచ్చాను. మళ్ళీ వచ్చి చూశారు. సెప్టెంబరు నెలాఖరుకి డబ్బు కట్టమని మెసేజీ వచ్చింది. ఫోన్‌లో కట్టి, సర్టిఫికెట్ దించుకుని, జిరాక్సు షాపులో రంగులో ప్రింటు తీయించాను. 2023 మార్చి 31 వరకే గడువు అని ఉంది. ఐదు నెలలు తిరిగితే ఆరు నెలల కాగితం చేతికొచ్చింది. అయినా అది చేతిలో పట్టుకుని ఆఫీసు మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిపోయాయి.

బోర్డు ఒక్కటి మిగిలింది. ఒడిశాలో షాపుల బోర్డు మీద పేరు ఒడియాలో ఉండాలి, వేరే భాష కూడా పెట్టుకోవచ్చు. పెయింటరు ఒడియా అతనే. పైన ఒడియాలో రాసి, కింద తెలుగులో రాయమంటే నా చేత కాగితం మీద రాయించుకుని చూసి దింపాడు. ఒడియా అక్షరాలకి నెత్తిన గొడుగులా గుండ్రంగా ఉంటుంది. అతను అలవాటులో మన తలకట్టుని కూడా కొంచెం వంచేశాడు. మా అమ్మాయి తుడిచి రాయించమంది. నేను వద్దన్నాను. ఎవరు చూసినా చదవగలుగుతున్నారు, అలాగే ఉంది ఇప్పటికీ.

ముద్రా లోను వచ్చింది, గ్రైండరు కొన్నాను, చెవిదుద్దులు విడిపించాను. రెన్యువల్‌కి ఇప్పుడు ఆఫీసుకి వెళ్ళే పని కూడా లేదు, ఫోన్‌లోనే మార్చిలో కట్టేస్తున్నాను. ఆర్డర్ కాపీ, స్టాంపు పడిన నా కాపీలు, సమాచార హక్కు జవాబు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి లైసెన్సు ఫ్రేము వెనకాలే మేకుకి తగిలించాను. సర్టిఫికెట్ అందరూ చూస్తారు, దాని వెనక ఉన్నవి నేనొక్కదాన్నే చూస్తాను. మొన్న కూరగాయల బజారు దగ్గర బ్యూటీపార్లర్ పెట్టుకుంటున్న అమ్మాయి వచ్చి, తన ఫైలు కూడా ఇన్‌స్పెక్షన్ దగ్గరే ఆగిందని చెబితే, కవర్ తీసి ఆ మొదటి కాగితం జిరాక్సు ఇచ్చాను. పేరు, నంబరు మార్చుకుని అదే రాసిందట.

అత్తమ్మకి మాత్రం పని పెరిగింది. పదకొండింటికి సెలూన్‌కి టీ పట్టుకెళ్ళాలంటే వెనక దారి లేదు. నాలుగు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, మా షట్టర్ లోంచి రోడ్డు మీదకి దిగి, మాస్టారి గేటు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్తుంది. వానరోజుల్లో పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లిస్తుంది.